ప్రీఆంప్‌లో ఐసీ పెట్టాలా, ట్రాన్సిస్టర్లు పెట్టాలా? రెండూ కట్టి తేల్చుకునే విధానం

ఆంప్లిఫయర్ సొంతంగా కట్టుకునేవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తెగని పంచాయితీ ఇది. వాల్యూమ్ కంట్రోల్ తర్వాత, పవర్ ఆంప్‌కి ముందు సిగ్నల్‌ను కొంత పెంచే ప్రీఆంప్ స్టేజ్‌లో ఆప్-ఆంప్ ఐసీ (ఆంప్లిఫయర్ సర్క్యూట్ అంతా ఒకే చిప్‌లో ఉండేది) పెడితే పాట ఎండిపోయినట్టు ఉంటుందని ఒక వర్గం, విడి ట్రాన్సిస్టర్లతో కట్టడం చాదస్తమని ఇంకో వర్గం. మాటలతో ఇది తేలదు. ఒకే పవర్ సప్లై మీద, ఒకే గెయిన్‌తో (అంటే సిగ్నల్‌ను అన్నే రెట్లు పెంచేలా) రెండు బోర్డులు పక్కపక్కన కడితే మాత్రం తేలుతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. అలా ఎలా కట్టాలో, ఎక్కడ తప్పులు జరుగుతాయో చూద్దాం.

ఐసీలకు చెడ్డపేరు ఊరికే రాలేదు. 1968లో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన 741 ఐసీ అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టుకు మించి కదలలేదు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ రావాలంటే 1.26 వోల్టుల వేగం కావాలి. అంటే 741తో ఆ ఫ్రీక్వెన్సీలో 4 వోల్టుల పీక్ దాటగానే సైన్ వేవ్ త్రికోణం అయిపోతుంది. దశాబ్దం తర్వాత వచ్చిన ఎన్‌ఈ5532 వేగం 9 వోల్టులు, అవసరానికి ఏడు రెట్లు. పేరు చెడగొట్టింది 741 అయితే, నింద ఈనాటికీ 5532 మోస్తోంది.

ముందు గెయిన్, వాల్యూమ్ పాట్

డాక్ (డిజిటల్ పాటను ఎనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) లేదా సీడీ ప్లేయర్ నుంచి 2 వోల్టులు వస్తాయి. ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి మామూలుగా వోల్టు లోపే. పవర్ ఆంప్‌లు చాలావరకు 1 నుంచి 1.5 వోల్టులకే పూర్తి పవర్ ఇస్తాయి. కాబట్టి 3.2 రెట్లు, అంటే 10 డీబీ గెయిన్ చాలు. 20 రెట్లు పెట్టుకుంటే వాల్యూమ్ నాబ్ పావు వంతు తిప్పేసరికే ఇల్లు అదురుతుంది, మిగతా ముప్పావు వంతు దండగ. నాబ్ ఎంత తగ్గించినా పోని హిస్ (బుస్సుమనే సన్నని శబ్దం) అదనం.

వాల్యూమ్ నాబ్ వెనక ఉండే పాట్ (పొటెన్షియోమీటర్) 10కే లాగ్ తీసుకోండి (కే అంటే కిలోఓమ్ అనే రాస్తున్నాం). పాట్ మీద ఇంగ్లిష్ అక్షరం A ఉంటే లాగ్, B ఉంటే లీనియర్ అని సాధారణంగా గుర్తు. దుకాణంలో అడగకుండా చేతిలో పెట్టేది తరచుగా 100కే. అక్కడే హిస్ సగం ఖాయమవుతుంది. ఎలాగంటే, 10కే పాట్ సిగ్నల్‌ను సగానికి తగ్గించే చోట ఉన్నప్పుడు స్టేజ్‌కి కనబడే రెసిస్టెన్స్ 2.5కే, దాని సొంత నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 6.4 నానోవోల్టులు. 100కే అయితే 25కే, 20 నానోవోల్టులు. 5532 సొంత నాయిస్ 5 నానోవోల్టులే అయినా, దాని ఇన్‌పుట్ కరెంట్ నాయిస్ ఆ 25కే మీద పడి ఇంకో 17 నానోవోల్టులు పుట్టిస్తుంది. చవక ఆప్-ఆంప్ టీఎల్072 వోల్టేజ్ నాయిస్ 18. అంటే 100కే పాట్ వెనక 5532 పెట్టినా టీఎల్072 పెట్టినా హిస్ దాదాపు సమానమే. ఐసీ మార్చకముందు పాట్ మార్చమని చెప్పేది ఇందుకే. మీ సోర్స్ పాత వాల్వ్ పరికరమైతే మాత్రం అది 10కే లోడ్‌ను మోయలేకపోవచ్చు, 47కే వాడండి.

పవర్ సప్లై

18-0-18 వోల్టుల, 500 మిల్లీఆంప్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్‌లు, రెండు 1000 మైక్రోఫారడ్ 50 వోల్టుల కండెన్సర్లు, ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు నిలిపే రెగ్యులేటర్లు 7815, 7915 ఒక్కోటి. ప్రైమరీలో 250 మిల్లీఆంప్ ఫ్యూజ్.

15-0-15 ఎందుకు వద్దంటే, మన ఊళ్ళలో సాయంత్రం పూట కరెంటు 190 వోల్టులకు పడడం వింతేమీ కాదు. అప్పుడు 15 వోల్టుల వైండింగ్ నుంచి డయోడ్ తర్వాత వచ్చేది 17 లోపే. 7815 పని చేయాలంటే ఇన్‌పుట్ కనీసం 17 ఉండాలి. చాలకపోతే రెగ్యులేటర్ పట్టు తప్పి ప్రతి పాట కింద గుర్రుమని హమ్ వినిపిస్తుంది. 18 వైండింగ్‌తో 190లోనూ 20 వోల్టులు నిలుస్తాయి. లోడ్ తక్కువ కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చెప్పినదానికన్నా ఎక్కువే ఇస్తుంది, అందుకే కండెన్సర్ 50 వోల్టులది. రెగ్యులేటర్ ఇన్‌పుట్ 35 వోల్టులు దాటకూడదు, ఒకసారి కొలిచి చూసుకోండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటే. 7815 ముఖం మీకేసి పెడితే ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7915లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పైగా 7915 వెనక రేకు ఇన్‌పుట్‌కి కలిసి ఉంటుంది. రెండింటినీ మైకా (కరెంటు పారనివ్వని పలుచటి పొర) లేకుండా ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే నెగెటివ్ సప్లై గ్రౌండ్‌కి షార్ట్. ఈ లోడ్‌కి అసలు హీట్‌సింక్ అక్కర్లేదు, విడివిడిగా నిలబెట్టండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 40 వాట్ల బల్బు ఉన్న సిరీస్ ల్యాంప్ గుండా ఇవ్వండి. బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. 230 వోల్టుల టెర్మినళ్ళకు ముందే స్లీవ్ తొడగండి, తర్వాత చూద్దామనుకోకండి.

ఐసీ స్టేజ్

ముందు ఐసీ అసలుదో కాదో చూసుకోండి. కోఠీ గుజరాతీ గల్లీ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, ఆన్‌లైన్ అయినా, 4558 మీద 5532 అని ముద్ర కొట్టినవి దొరుకుతూనే ఉంటాయి. ఐసీని బోర్డులో పెట్టకముందే మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో ఉంచి 2, 3 పిన్నుల మధ్య కొలవండి, తర్వాత ప్రోబ్‌లు మార్చి కొలవండి. 5532 లోపల ఇన్‌పుట్‌ల మధ్య ఎదురెదురుగా డయోడ్‌లు ఉంటాయి కాబట్టి రెండు వైపులా 0.6 నుంచి 0.7 వరకు చూపించాలి. 4558లో, టీఎల్072లో అవి లేవు, ఓపెన్ చూపిస్తుంది. బోర్డులో పెట్టాక ఇంకో పరీక్ష ఉంది. 5532 రెండు సగాలూ కలిపి మామూలుగా 8 మిల్లీఆంప్‌ల దగ్గర తాగుతుంది, 4558, టీఎల్072 మూడు దగ్గరే.

ఒక 5532లో రెండు ఆంప్‌లు ఉంటాయి, ఎడమ కుడి చానళ్ళకు ఒక్కటే చాలు. ఎడమ చానల్ ఇలా కట్టండి. పాట్ మధ్య కాలు నుంచి 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కండెన్సర్, దాని తర్వాత 220 ఓమ్, అక్కణ్ణుంచి 3వ పిన్. కండెన్సర్, 220 ఓమ్ కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి 100కే. 1వ పిన్ అవుట్‌పుట్, అక్కణ్ణుంచి 2వ పిన్‌కి 2.2కే, దాని మీద అడ్డంగా 100 పికోఫారడ్. 2వ పిన్ నుంచి 1కే, దానికి సిరీస్‌లో 220 మైక్రోఫారడ్, గ్రౌండ్. అవుట్‌పుట్ నుంచి 22 మైక్రోఫారడ్, 100 ఓమ్, ఆర్‌సీఏ సాకెట్. 22 మైక్రోఫారడ్ బయటి కాలు నుంచి గ్రౌండ్‌కి ఇంకో 100కే. కుడి చానల్‌కి 5 ఇన్‌పుట్, 6 ఫీడ్‌బ్యాక్, 7 అవుట్‌పుట్. ప్లస్ 15 ఎనిమిదో పిన్‌కి, మైనస్ 15 నాలుగుకి. రెసిస్టర్లు అన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్.

రెండు చిన్న భాగాలు అనవసరంగా కనిపిస్తాయి, వదిలేయకండి. ఒకటి, పాట్ తర్వాతి 1 మైక్రోఫారడ్. 5532 ఇన్‌పుట్ దాదాపు 200 నానోఆంప్‌ల కరెంట్ లాగుతుంది. కండెన్సర్ లేకపోతే ఆ కరెంట్ పాట్ గుండా పోయి, నాబ్ తిప్పినప్పుడల్లా కరకర వినిపిస్తుంది. పాట్ పాడైందనుకుని కొత్తది వేసినా ఆ శబ్దం పోదు. రెండోది అవుట్‌పుట్‌లోని 100 ఓమ్. షీల్డ్ కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, దాన్ని నేరుగా నడపమంటే ఐసీ ఆసిలేట్ అవుతుంది, అంటే సిగ్నల్ లేకున్నా అవుట్‌పుట్ తనంతట తాను ఊగుతుంది.

4, 8 పిన్నుల మధ్య 104 (అంటే 0.1 మైక్రోఫారడ్) సెరామిక్ ఒకటి, కాళ్ళు సెంటీమీటరు దాటకుండా అంటించండి. బోర్డు చివర సప్లై వైర్లు వచ్చే చోట పెడితే పెట్టనట్టే.

ట్రాన్సిస్టర్ స్టేజ్

చానల్‌కి ఒక బీసీ549సీ, ఒక బీసీ559సీ. చదును ముఖం మీకేసి, కాళ్ళు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. దుకాణంలో 549 లేదని 9014 ఇస్తే జాగ్రత్త, దాని వరుస తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్ అవుతుంది.

1. సప్లైకి ఫిల్టర్: ప్లస్ 15 నుంచి 100 ఓమ్, దాని తర్వాత గ్రౌండ్‌కి 220 మైక్రోఫారడ్. మైనస్ వైపు కూడా అంతే. ప్రతి చానల్‌కీ వేరువేరుగా. ఐసీకి ఇది లేకపోయినా గడుస్తుంది. ఈ సర్క్యూట్‌లో నెగెటివ్ సప్లై మీది మురికి 3.3కే గుండా నేరుగా అవుట్‌పుట్‌కి దారి చేసుకుంటుంది కాబట్టి తప్పనిసరి.

2. ఇన్‌పుట్ ఐసీ బోర్డులాగే: 1 మైక్రోఫారడ్, గ్రౌండ్‌కి 100కే, 220 ఓమ్, అక్కణ్ణుంచి 549 బేస్.

3. 549 కలెక్టర్ నుంచి ఫిల్టర్ అయిన ప్లస్‌కి 2.2కే. అదే కలెక్టర్‌కి 559 బేస్ కలపండి. 559 ఎమిటర్ నేరుగా ఫిల్టర్ అయిన ప్లస్‌కి.

4. 559 కలెక్టరే అవుట్‌పుట్. అక్కణ్ణుంచి ఫిల్టర్ అయిన మైనస్‌కి 3.3కే.

5. అవుట్‌పుట్ నుంచి 549 ఎమిటర్‌కి 2.2కే. ఎమిటర్ నుంచి 1కే, సిరీస్‌లో 220 మైక్రోఫారడ్, గ్రౌండ్. ఈ కండెన్సర్ ప్లస్ కాలు గ్రౌండ్ వైపు ఉండాలి. ఎమిటర్ మైనస్ 0.7 వోల్టుల దగ్గర కూర్చుంటుంది కాబట్టి. అలవాటుకొద్దీ మైనస్‌ను గ్రౌండ్‌కి పెడితే వెంటనే ఏమీ పేలదు, మెల్లగా లీకై డీసీ లెక్క చెడగొడుతుంది.

6. 559 బేస్, కలెక్టర్ల మధ్య 47 పికోఫారడ్ సెరామిక్. ఇది లేకుండా కూడా పాట వస్తుంది, కొన్ని బోర్డుల్లో మెగాహెర్ట్జ్‌లలో ఆసిలేషన్ కూడా వస్తుంది.

7. అవుట్‌పుట్‌కి 22 మైక్రోఫారడ్, ఈసారి మైనస్ కాలు ట్రాన్సిస్టర్ వైపు. తర్వాత 100 ఓమ్, గ్రౌండ్‌కి 100కే, ఐసీ బోర్డులాగే.

మల్టీమీటర్‌తో చూస్తే ఫిల్టర్ తర్వాత ప్లస్, మైనస్ 14.6 దగ్గర ఉండాలి. 549 కలెక్టర్ రెసిస్టర్ మీద 0.65 నుంచి 0.7. అవుట్‌పుట్ మైనస్ 1.2 నుంచి మైనస్ 1.6 మధ్య. అది సున్నా కాలేదని కంగారు పడకండి, ఎమిటర్ కరెంట్ 2.2కే గుండా పోవడం వల్ల వచ్చే తేడా అది. అవుట్‌పుట్ మైనస్ 14 దగ్గర ఉంటే 559 మూసుకుపోయింది, అంటే 2.2కే ఫీడ్‌బ్యాక్ అతుకు ఊడింది లేదా 549 కాళ్ళు తారుమారయ్యాయి. ప్లస్ 14 దగ్గరైతే 559 షార్ట్. మైనస్ 3కి దిగితే 220 మైక్రోఫారడ్ గట్టిగా లీకవుతోంది, దాని దిశ చూడండి.

ఈ స్టేజ్‌కి పరిమితి ఎక్కడుందో తెలిసి వాడండి. 559లో నిలిచి ఉండే కరెంట్ 4 మిల్లీఆంప్‌ల లోపు. ఎదురుగా 10కే ఇన్‌పుట్ ఉన్న పవర్ ఆంప్ ఉంటే నెగెటివ్ వైపు 5 వోల్టుల పీక్ దాటాక నరుకుతుంది, అది చాలు. 600 ఓమ్‌ల పరికరం తగిలిస్తే 2 వోల్టులు కూడా రావు. 5532 అదే 600 ఓమ్‌లను సునాయాసంగా నడుపుతుంది.

పవర్ ఆంప్‌కి తగిలించే ముందు

రెండు బోర్డులకూ ఆర్‌సీఏ సాకెట్ దగ్గర డీసీ కొలవండి. అర నిమిషం ఆగాక 5 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. ఐసీ బోర్డులో 1వ పిన్ దగ్గర మైనస్ 20 మిల్లీవోల్టులు కనిపించడం మామూలే, ఇన్‌పుట్ కరెంట్ 100కే గుండా పోవడం వల్ల అది. వోల్టులకు వోల్టులు కనిపిస్తే ఫీడ్‌బ్యాక్ తెగింది.

5532 గోరువెచ్చగా ఉండడం సహజం, 30 వోల్టుల మీద 8 మిల్లీఆంప్‌లంటే పావు వాటు. వేలు పెట్టలేనంత కాలితే ఆసిలేట్ అవుతున్నట్టే. మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో అది కనబడదు, మెగాహెర్ట్జ్‌లు దానికి అందవు. ఆసిలోస్కోప్ లేకపోతే కరెంట్ కొలిచి చూడండి, 16 మిల్లీఆంప్‌లు దాటితే ఏదో తేడా ఉంది. ముందు 104 కాళ్ళు పొట్టి చేయండి, తర్వాత 100 ఓమ్ చూడండి.

ఆన్ చేసేటప్పుడు ప్రీఆంప్ ముందు, పవర్ ఆంప్ తర్వాత. ఆపేటప్పుడు పవర్ ఆంప్ ముందు. ట్రాన్సిస్టర్ బోర్డు అవుట్‌పుట్ కండెన్సర్ చార్జ్ అవుతున్నంతసేపూ స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కీ ఊగుతుంది.

పోల్చడం

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఒక బోర్డు అర డీబీ గట్టిగా ఉంటే చెవికి అది గట్టిగా ఉన్నట్టు తోచదు, బాగున్నట్టు తోస్తుంది. 5 శాతం రెసిస్టర్లు వాడితేనే గెయిన్‌లో అర డీబీ పైగా తేడా రావచ్చు. ఫోన్‌లో 400 హెర్ట్జ్ టోన్ పెట్టండి (చవక మీటర్లు అంతకన్నా పై ఫ్రీక్వెన్సీలో తప్పు చూపిస్తాయి), ఒక బోర్డు అవుట్‌పుట్‌ను 1 వోల్టుకు తెచ్చి, పాట్ కదపకుండా అదే సిగ్నల్ రెండో బోర్డుకి ఇవ్వండి. తేడా 12 మిల్లీవోల్టులకు మించకూడదు, అది 0.1 డీబీ. మించితే ఎక్కువ వస్తున్న బోర్డులో 2.2కే మీద అడ్డంగా 100కే లేదా 220కే అంటించి తగ్గించండి. రెండు చానళ్ళూ విడివిడిగా చూడండి.

తర్వాత స్విచ్ వేరేవాళ్ళ చేతికివ్వండి, ఏ బోర్డు నడుస్తోందో మీకు తెలియకూడదు. 16 సార్లు చెప్పండి. 12 లేదా ఎక్కువ సరిపోతే నిజంగా తేడా వినబడుతోందని అనుకోవచ్చు. గుడ్డిగా చెప్పినా 12 కొట్టే అవకాశం వందలో నాలుగు లోపే.

కాగితం మీద లెక్క వేస్తే హిస్ విషయంలో ట్రాన్సిస్టర్లే కొద్దిగా ముందుంటాయి. 549 సొంత నాయిస్ 2 నానోవోల్టుల దగ్గర, 5532ది 5. అయినా 10కే పాట్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ల నాయిస్ కలిపాక మొత్తం తేడా ఒకటిన్నర డీబీకి మించదు. ఐసీ బోర్డు అవుట్‌పుట్‌లో మొత్తం నాయిస్ 4 మైక్రోవోల్టులు, అంటే 1 వోల్టు సిగ్నల్‌కి 107 డీబీ కింద. ఏ గదిలోనూ వినబడేది కాదు. డిస్టార్షన్‌లో ఐసీదే పైచేయి. మన రెండు ట్రాన్సిస్టర్ల స్టేజ్‌లో తప్పును దిద్దే ఫీడ్‌బ్యాక్ సుమారు 100 రెట్లు, 5532లో 1 కిలోహెర్ట్జ్ దగ్గర 3000 రెట్లు. 20 కిలోహెర్ట్జ్ వచ్చేసరికి ఐసీది కూడా 150కి దిగుతుంది. ట్రాన్సిస్టర్ స్టేజ్ మిగిల్చేది ఎక్కువగా రెండో హార్మోనిక్, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెండు రెట్ల స్వరం. అసలు స్వరానికి అష్టమస్వరం కాబట్టి చెవికి గుచ్చుకోదు, కొందరికి హాయిగానూ ఉంటుంది. ఆ రుచి కావాలని కట్టుకుంటే తప్పులేదు, అది కచ్చితత్వమని చెప్పుకోనంతవరకు.

విడి ట్రాన్సిస్టర్లు నిజంగా గెలిచే చోటు వేరే ఉంది. గ్రామఫోన్ మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది మామూలుగా అర మిల్లీవోల్టు లోపు, దాని కాయిల్ 10 ఓమ్‌ల స్థాయిలో ఉంటే సొంత నాయిస్ 0.4 నానోవోల్టులే. దాని ముందు 5532 పెడితే పాట కన్నా ముందు ఐసీ హిస్సే వినబడుతుంది. అక్కడ తక్కువ బేస్ రెసిస్టెన్స్ ఉన్న ట్రాన్సిస్టర్లను నాలుగైదు పక్కపక్కన కలిపి, ఒక్కోదానికి ఒకటి రెండు మిల్లీఆంప్‌లు ఇచ్చి నడపడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ గట్టి పద్ధతి. ప్లస్ మైనస్ 22 దాటిన సప్లై ఉన్న చోట కూడా అంతే, 5532కి అది ఆఖరి హద్దు.

మిగిలింది ఐసీలు మార్చి మార్చి వినే సరదా. ఉన్న ఆంప్‌లో టీఎల్072 తీసి 5532 పెట్టబోయే ముందు ఇన్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కి ఎంత రెసిస్టర్ ఉందో చూడండి. టీఎల్072 ఇన్‌పుట్ కరెంట్ పికోఆంప్‌లలో ఉంటుంది కాబట్టి డిజైనర్ నిశ్చింతగా 1 మెగాఓమ్ పెట్టి ఉండవచ్చు. అదే చోట 5532 పెడితే 0.2 వోల్టుల డీసీ పుడుతుంది, గెయిన్‌తో ఇంకా పెరుగుతుంది. ఎల్‌ఎం4562 విషయం ఇంకో రకం. అది 55 మెగాహెర్ట్జ్ ఐసీ. పొడుగు వైర్లు, దూరంగా ఉన్న 104, పాత సింగిల్ సైడ్ బోర్డు ఉన్న చోట సాకెట్‌లో గుచ్చితే ఆసిలేట్ కావడానికి సిద్ధంగా ఉంటుంది, ఆ ఆసిలేషన్‌నే కొందరు ట్రెబుల్‌లో కొత్త వివరం అనుకుంటారు. పెట్టాలనుకుంటే ముందు సాకెట్ కిందే, 4, 8 పిన్నుల మధ్య 104 అంటించి, అప్పుడు పెట్టండి.